నొప్పికి లెక్క దొరికిన కథ

ఇల్లెందు వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒక కథ చెబుతారు. భద్రాద్రి రాముణ్ణి చూడడానికి కాలినడకన బయలుదేరిన యాత్రికులు దారిలో అడవిలో మజిలీ చేశారట. చేతికందిన మూడు నల్లరాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టారట. అన్నం ఉడికేలోపు కట్టెలతో పాటు రాళ్ళూ అంటుకుని ఎర్రగా కణకణలాడాయట. ఈ కథలో నిజమెంతో ఎవరూ తేల్చలేరు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చిన మాట మాత్రం చరిత్ర. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ అనే కొత్త కంపెనీ ఏర్పడి ఆ గనులను తీసుకుంది.

రాయి మండితే కంటికి కనబడుతుంది. ఆ రాయిని ఎత్తే మనిషి నడుములో మండేది కనబడదు. కొత్తగూడెం, ఇల్లెందు గనుల్లో కొన్ని తరాలు తట్టా చెమ్మస్ పట్టుకుని బతికాయి. చెమ్మస్‌తో బొగ్గు తట్టకెత్తడం, తట్టను భుజానికెత్తి టబ్బులో గుమ్మరించడం, మళ్ళీ వంగడం. పైకప్పు కూలితే విచారణ జరిగేది, పేలుడు జరిగితే పత్రికల్లో వచ్చేది. ఇరవై ఏళ్ళు వంగి లేచి, చివరికి మంచం దిగడానికి గోడ పట్టుకోవాల్సి వస్తే దాన్ని ఏ రిజిస్టర్లో రాయాలి? వయసు మీద పడిందన్నారు. వాతమన్నారు. అలవాటైతే అదే పోతుందన్నారు.

మన భాషకు మాత్రం ఈ నొప్పి సంగతి బాగా తెలుసు. పీకడం వేరు, గుంజడం వేరు, సలపడం వేరు. పట్టేసిందంటే ఒకటి, జివ్వుమందంటే ఇంకొకటి. కష్టం చేసే మనిషి ఏ కీలుకు ఏ మాట వాడాలో తడుముకోడు. ఇన్ని మాటలున్న నొప్పికి కొలత లేకపోవడమే అసలు చిక్కు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయం కలిగించేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని చెప్పింది. మంచి మాటే. ఎంత బరువు గాయం చేస్తుంది, ఎంత ఎత్తు నుంచి, రోజుకు ఎన్నిసార్లు, నడుము ఎంత వంచితే? జవాబు కోసం మూడు వందల ఏళ్ళు వెనక్కి, ఇటలీలోని మొదెనా పట్టణానికి వెళ్ళాలి.

అక్కడ బెర్నార్దినో రమజ్జీని అనే వైద్యుడు ఉండేవాడు. ఒకరోజు వాళ్ళ ఇంట్లో మురుగుగుంట తోడడానికి ఒక మనిషి వచ్చాడు. ఊపిరి సలపకుండా, ఎవరో తరుముతున్నట్టు పని చేస్తున్నాడు. ఎందుకంత తొందర, కాస్త నిదానంగా చెయ్యరాదా అని రమజ్జీని అడిగాడు. నాలుగు గంటలకు మించి ఈ గుంటలో ఉంటే ఏమవుతుందో దిగినవాడికే తెలుస్తుంది, గుడ్డితనం వచ్చినట్టే అని అతను తల పైకెత్తి చెప్పాడు. వైద్యుడు అతని కళ్ళలోకి చూశాడు. ఎర్రగా, మసకబారి ఉన్నాయి. ఊళ్ళో అదే పని చేసే మిగతావాళ్ళ కళ్ళూ అలాగే ఉన్నాయా అని వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఇంటి పెరట్లో యాదృచ్ఛికంగా జరిగిన ఆ రెండు మాటల సంభాషణ నుంచే వృత్తి వ్యాధుల మీద మొదటి సమగ్ర గ్రంథం పుట్టింది. 1700లో అచ్చయిన ఆ పుస్తకం గని కార్మికులతోనే మొదలవుతుంది. దర్జీలు, రొట్టెలు కాల్చేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు, రోజంతా కలం పట్టుకునే గుమస్తాలు, అందరూ అందులో ఉన్నారు. పనిలో వాడే పదార్థాలే కాదు, ఒంటికి సరిపడని భంగిమలు, అదేపనిగా చేసే కదలికలు కూడా మనిషిని లోపలి నుంచి తినేస్తాయని రమజ్జీని గట్టిగా రాశాడు. రోగిని అడగాల్సిన ప్రశ్నల జాబితాకు ఆయన ఇంకొకటి చేర్చాడు. నువ్వు ఏం పని చేస్తావు? ఎనభై ఏళ్ళ వయసులో, 1713లో, పుస్తకాన్ని పెంచి మళ్ళీ అచ్చు వేయించాడు. మరుసటి ఏడు కన్నుమూశాడు.

ప్రశ్న పుట్టింది గానీ దాన్ని కొలిచే దారి దొరకలేదు. 1857లో వోయిచెక్ యస్ట్‌షెంబోవ్‌స్కీ అనే పోలండ్ ప్రకృతి శాస్త్రవేత్త రెండు గ్రీకు మాటలు కలిపి ఎర్గానమిక్స్ అన్నాడు. పని తాలూకు నియమాల శాస్త్రమని అర్థం. ఆ వ్యాసాన్ని లోకం మరిచిపోయింది. తొంభై రెండేళ్ళ తర్వాత, 1949లో, ఇంగ్లండులో మరెల్ అనే ఆయన ఆ సంగతి తెలియకుండానే సరిగ్గా అదే మాటను మళ్ళీ పుట్టించాడు. ఒకే అవసరం ఇద్దరి చేత ఒకే మాట పలికించింది.

ఈ మధ్యలో కొలతలు మొదలయ్యాయి. అయితే కొలిచింది వేరే దాన్ని. 1899లో అమెరికాలోని బెత్లహేమ్ ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజినీరు ముడి ఇనుప దిమ్మెలు మోసేవాళ్ళను గమనించాడు. ఒక్కో దిమ్మె 92 పౌండ్లు, అంటే దాదాపు 42 కిలోలు. ఖమ్మం యార్డులో మిర్చి బస్తా బరువూ ఇంచుమించు అంతే. మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు మోస్తున్న చోట 47 టన్నులు మోయించవచ్చని టేలర్ లెక్క కట్టాడు. ఎంత ఇనుము కదిలిందో టన్నుల్లో ఉంది. మోసిన వెన్ను సంగతి ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. ఆయన తాపీ పనిలోంచి ఎదిగిన మనిషి. ఇటుక పేర్చడానికి మేస్త్రీ ప్రతిసారీ కింది నుంచి ఇటుక తీసుకోవాల్సి రావడం చూసి, ఇటుకలు నడుము ఎత్తులో అందేలా పరంజా తయారు చేశాడు. పద్దెనిమిది కదలికల పని నాలుగైదుకు దిగింది. ఒక ఇటుక కోసం ఒళ్ళంతా వంచి లేపడం ఎంత వృథాయో ఆయన చూపించాడు. నాకు ఈ పరంజా మీద గొప్ప గౌరవం. కాకపోతే గిల్‌బ్రెత్‌కు పని వేగంగా జరగడం ముఖ్యం. ఏ వంపు ఎంత ప్రమాదమో చెప్పే తూకం ఆయన దగ్గరా లేదు.

తర్వాత వచ్చినవాళ్ళు ఊపిరిని కొలిచారు. ఇక్కడ మన దేశం నుంచి ఒక ముచ్చటైన ప్రయోగం ఉంది. దత్తా, రామనాథన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే 30 కిలోల బరువును ఏడు రకాలుగా మోయించి ఏ పద్ధతిలో శరీరం ఎంత శక్తి ఖర్చు పెడుతుందో ఊపిరిని బట్టి చూసి, 1971లో ప్రచురించారు. ముందూ వెనకా సమంగా కట్టుకుంటే అన్నిటికంటే తేలిక. నెత్తిన పెట్టుకోవడం దాని వెంటే ఉంది. హమాలీ వీపు మీద బస్తా వేసుకునే పద్ధతి చివరి నుంచి మూడోది. కావడి దాని కంటే ఖరీదు. రెండు చేతుల్లో వేలాడదీసుకుని మోయడం అన్నిటికంటే భారం, తేలికైన పద్ధతితో పోలిస్తే 40 శాతానికి పైగా ఎక్కువ. నెత్తిన కట్టెల మోపు పెట్టుకుని అడవి దారిలో నడిచే కోయ తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆమెకు తెలిసినదాన్ని శాస్త్రం అంకెల్లో రాయడం చిన్న విషయం కాదు.

కానీ ఊపిరి అన్నీ చెప్పదు. ఏప్రిల్, మే నెలల్లో భద్రాచలం అడవుల్లో తునికాకు సేకరణ చూడండి. తెల్లవారకముందే బయలుదేరతారు. మోకాలెత్తు మండల నుంచి లేత ఆకు ఒక్కొక్కటే తుంచుతారు. ఇంటికి చేరాక యాభై ఆకులకో కట్ట కడతారు, కల్లానికి మోసుకెళ్ళి అప్పగిస్తారు. ఆకు బరువు ఎంత? చేతిలో ఉన్నట్టే తెలియదు. తుంచుతున్నప్పుడు ఎవరికీ రొప్పు రాదు. అయినా నెల తిరిగేసరికి నడుం పట్టేస్తుంది. రొప్పు లేని పనిలో నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది?

ఆ జవాబు స్వీడన్‌లో ఒక సూది మొన మీద దొరికింది. 1960ల్లో ఆల్ఫ్ నాకెమ్‌సన్ అనే ఎముకల వైద్యుడు సాహసానికి దిగాడు. ఒప్పుకున్న మనుషుల వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని డిస్క్‌లోకి ఒత్తిడి కొలిచే సన్నని సూది గుచ్చి, వాళ్ళను నిలబడమన్నాడు, కూర్చోమన్నాడు, వంగమన్నాడు. నిటారుగా నిలబడినప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే వెల్లకిలా పడుకున్నప్పుడు 25 దగ్గర ఉంది. ముందుకు వంగితే, చేతిలో ఏమీ లేకపోయినా, 150కి ఎక్కింది. బరువుతో వంగితే 200 దాటింది. బస్తా మొయ్యకపోయినా మనిషి తన నడుం పైభాగాన్ని తానే మోసుకుంటాడు. వంగిన ప్రతిసారీ ఆ బరువు వెన్ను చివర పడుతుంది. తునికాకు చిక్కుముడి అక్కడ విడిపోయింది.

అయితే గనిలోకి సూది పట్టుకుపోలేం. కొలిమి ముందున్న మనిషిని ఆపి ఒంటికి తీగలు తగిలించలేం. ప్రయోగశాలలో తెలిసిన సత్యం షాపుఫ్లోరు గడప దగ్గరే ఆగిపోయింది. ఈ గడప దాటించినవాళ్ళ కథే నాకు అన్నిటికంటే ఇష్టం.

ఫిన్లాండులో ఒవాకో అనే ఉక్కు కంపెనీ ఉండేది. 1970ల్లో అక్కడి ఓస్మో కర్హు, పెక్కా కాన్సీ, వాళ్ళతో పాటు వృత్తి ఆరోగ్య సంస్థకు చెందిన ఇల్కా కుఒరింకా ఒక ఆలోచనతో పనికి కూర్చున్నారు. యంత్రం వద్దు, సూది వద్దు. కాగితం, పెన్సిలు, ఒక జత కళ్ళతో తేలాలి. డాక్టరు కాని మనిషి కూడా కొద్దిపాటి శిక్షణతో చెయ్యగలగాలి. ఉక్కు పనిలో మనుషులు నిజంగా ఎలా నిలబడుతున్నారో, ఎలా వంగుతున్నారో చూస్తూ ఆ భంగిమలను విడదీసి వర్గాలు కట్టారు. చూస్తే వందలు. విడగొడితే ఆశ్చర్యంగా కొన్నే తేలాయి. నడుముకు నాలుగు స్థితులు: నిటారు, వంపు, మెలిక, వంపుతో కూడిన మెలిక. చేతులకు మూడు: రెండూ భుజం కిందనా, ఒకటి పైనా, రెండూ పైనా. కాళ్ళకు ఏడు, కూర్చోవడం నుంచి నడవడం దాకా. బరువుకు మూడు: 10 కిలోల లోపు, 20 లోపు, ఆపైన. గుణిస్తే మొత్తం 252 కలయికలు. నాలుగు అంకెలతో ఏ భంగిమనైనా రాసెయ్యవచ్చు.

ఇంతవరకు తెలివి. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. ఏ భంగిమ చెడ్డది, ఎంత చెడ్డది అని ఎవరు తీర్పు చెప్పాలి? తామే నిర్ణయిస్తే సులువే. వాళ్ళు అలా చెయ్యలేదు. ఏళ్ళ తరబడి ఆ పనిలో నలిగిన ఉక్కు కార్మికుల చేతే ఒక్కో భంగిమకు మార్కులు వేయించారు. ఏ ఇబ్బందీ లేదన్న దగ్గర నుంచి కాసేపున్నా భరించలేం అన్న దాకా వాళ్ళ ఒళ్ళు చెప్పిందే కొలబద్ద అయింది. నిపుణుల మాటను దాని పక్కన పెట్టి సరిచూశారు. చివరికి నాలుగు తరగతులు తేలాయి. ఒకటి అయితే ఫరవాలేదు. రెండు అయితే ముందు ముందు మార్చాలి. మూడు అయితే వీలైనంత త్వరగా మార్చాలి. నాలుగు అయితే ఇప్పుడే. 1977లో ఒవాస్ అన్న పేరుతో ఈ పద్ధతి లోకానికి తెలిసింది. అప్పటికే ఆ కంపెనీలో దీని ఆధారంగా ఉత్పత్తి లైన్లను తిరిగి అమర్చారు. పనివాళ్ళకు సుఖంగా ఉంది, సరుకు నాణ్యతా మెరుగుపడింది.

మురుగుగుంట ముందు నిలబడి రమజ్జీని అడిగిన ప్రశ్నకు ఇదే కొనసాగింపు అని నా నమ్మకం. తేడా ఒక్కటే. ఆయన కళ్ళు చూసి నమ్మాడు, వీళ్ళు నమ్మినదాన్ని నాలుగంకెల్లో రాసి యజమాని బల్ల మీద పెట్టగలిగారు.

లోపాలు త్వరలోనే బయటపడ్డాయి. ఒవాస్‌కు మెడ కనబడదు, మణికట్టు కనబడదు. ఉక్కు పనిలో అది చెల్లింది. కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర చెల్లలేదు. నడుము కొంచెమే వంగి ఉంటుంది, బరువు గుడ్డముక్కంత. మరి భుజాలు ఎందుకు గుంజుతున్నాయి, వేళ్ళు ఎందుకు తిమ్మిరెక్కుతున్నాయి? ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో నైజెల్ కార్లెట్ అనే ఆచార్యుడు ఈ సంగతిని చాలాకాలంగా వెంబడిస్తున్నాడు. 1976లోనే ఆయన, బిషప్ అనే సహచరుడు కలిసి మనిషి బొమ్మ గీసిన కాగితాన్ని పనివాళ్ళ చేతికిచ్చి, పని గంటలు గడిచేకొద్దీ ఎక్కడ ఎంత బాధగా ఉందో అడిగే పద్ధతి తెచ్చారు. ఆ తర్వాత లిన్ మెకటామ్నీతో కలిసి బట్టలు కుట్టే కర్మాగారాల్లో కత్తిరించేవాళ్ళను, కుట్టేవాళ్ళను, ప్యాకింగు చేసేవాళ్ళను, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళను గమనించి 1993లో రూలా అనే పద్ధతి వెలువరించారు. భుజం, మోచెయ్యి, మణికట్టు, మెడ, నడుము, ఒక్కోదానికి కోణాన్ని బట్టి అంకె. ఆఖరి స్కోరు 1 నుంచి 7. ఏడు వస్తే వెంటనే మార్చాల్సిందే.

ఆసుపత్రుల్లో రోగిని ఎత్తే నర్సు ఏ క్షణాన ఎటు వంగుతుందో చెప్పలేం కదా. అలాంటి పనుల కోసం స్యూ హిగ్నెట్, మెకటామ్నీ కలిసి 2000లో రీబా తెచ్చారు. అదే కాలంలో అమెరికాలో ఎత్తే బరువు లెక్క మీద ఇంకో దారి సాగింది. అక్కడి వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1981లో ఒక సూత్రం ఇచ్చి 1991లో సరిదిద్దింది. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు. ఒంటికి దూరంగా పట్టుకుంటే తగ్గించు, నేల నుంచి ఎత్తితే తగ్గించు, పక్కకు తిరిగితే తగ్గించు, పదే పదే ఎత్తితే ఇంకా తగ్గించు. చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉండాల్సిన బరువు 50కి జరిగితే ఆ ఒక్క కారణానికే 23 కాస్తా పదకొండున్నర అవుతుంది. చట్టంలో వదిలేసిన ఆ ఎంత అన్న మాటకు ఒక రూపం వచ్చింది.

ఇక ఫిన్లాండు ఇల్కా కుఒరింకా ఊరుకోలేదు. ఒవాస్ వచ్చిన పదేళ్ళకు, 1987లో, నార్డిక్ దేశాల మిత్రులతో కలిసి ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. మనిషి బొమ్మ వెనక నుంచి, దాని మీద తొమ్మిది భాగాలు: మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, వీపు పైభాగం, నడుము, తుంట్లు, మోకాళ్ళు, పాదాలు. గత పన్నెండు నెలల్లో నొప్పి ఉందా? గత ఏడు రోజుల్లో ఉందా? దాని వల్ల పని మానుకున్నారా? ఇంత తేలిక. బయటి నుంచి భంగిమను కొలిచే పద్ధతి తెచ్చిన మనిషే, లోపలి నుంచి మనిషిని అడగకపోతే సగమే తెలుస్తుందని మళ్ళీ కాగితం ముందు కూర్చున్నాడు. ఇవాళ కెమెరా పెడితే కంప్యూటరే కీళ్ళ కోణాలు లెక్కగట్టి స్కోరు చెబుతోంది. ఆ తెర వెనక ఉన్నవి ఈ పాత కాగితాలే.

ఈ కాగితాలు పట్టుకుని నేను మిర్చి సీజన్లో ఖమ్మం మార్కెట్ యార్డుకు వెళ్ళాను. పొద్దున్నే ధర తేల్చే జెండా పాట అయిపోయింది. తేజా మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగవు. దడువాయి కాంటా వేస్తున్నాడు. పక్కన లారీ మీదకు బస్తాలు ఎక్కుతున్నాయి. నలభై దాటిన ఒక హమాలీ, తలకు తుండు చుట్టుకుని, వంగి నిలబడ్డాడు. ఇద్దరు బస్తాను లేపి అతని వీపు మీదికి ఒరిగించారు. అతను రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి బస్తా చెవులు పట్టుకున్నాడు. ఒక్కసారి ఊపిరి బిగబట్టి నడిచాడు. పలక మీద పాదం పడ్డప్పుడు మోకాలు సన్నగా వణికింది. లారీ మీద బస్తా దింపి దిగి వచ్చేసరికి ఇంకోటి సిద్ధంగా ఉంది.

నేను రాసుకున్నాను. నడుము వంగి ఉంది: 2. చేతులు రెండూ భుజం పైన: 3. నడుస్తున్నాడు: 7. ఇరవై కిలోలు దాటిన బరువు: 3. రెండు, మూడు, ఏడు, మూడు. ఒవాస్ పట్టికలో ఆ గడి వెతికితే తరగతి నాలుగు. ఇప్పుడే మార్చాలి అన్నది.

ముందటేడు వేసవిలో తునికాకు కోసే ఒక అమ్మను చూసి రాసుకున్న అంకెలూ అదే నోటుబుక్కులో ఉన్నాయి. వంగిన నడుము 2, కిందికున్న చేతులు 1, రెండు మోకాళ్ళూ వంచిన నిలుపు 4, బరువు లేనట్టే 1. పట్టికలో తరగతి మూడు. గాలికి ఎగిరిపోయే ఆకు, నలభై కిలోల బస్తాకు ఒక్క మెట్టు కింద నిలబడింది.

టీ కోసం హమాలీలు పక్కకు వచ్చినప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళాను. నాలుగంకెలూ చూపించి వాటి అర్థం చెప్పాను.

"ఏ నంబరుంటే ఏంది సార్, లారీ నిండాలె గదా" అన్నాడు. తర్వాత కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. "ఇందులో నడుమే ఉంది. మెడ ఏదీ?"

"నడుం నొప్పి లేదా అన్నా?"

"ఉంటది. అది పొద్దుగూకితే తగ్గుతది. ఇది తగ్గదు." తల ముందుకు వంచి, మెడ వెనక బస్తా ఆనే చోట వేలు పెట్టి చూపించాడు. చర్మం గట్టిపడి, నల్లగా కాయ కాసి ఉంది. "రాత్రి ఒత్తిగిలితే చెయ్యి దాకా జివ్వుమంటది. ఎవరికని చెప్పాలె?"

నా పట్టికలో మెడకు గడి లేదు. సంచిలోంచి ఇంకో కాగితం తీశాను, వెనక నుంచి గీసిన మనిషి బొమ్మ ఉన్నది. ఎక్కడ నొప్పో దీని మీద గుర్తు పెట్టమన్నాను. ఆయన పెన్ను తీసుకుని మెడ దగ్గర గుండ్రంగా సున్నా చుట్టాడు. భుజం మీద ఇంకొకటి. మోకాలి దగ్గర ఆగి, పక్కన కూర్చున్న కుర్రవాడి వైపు చూసి, "నీకు యాడరా?" అని అడిగాడు. ఆ పిల్లాడు టీ గ్లాసు కింద పెట్టి కాగితం మీదికి వంగాడు.